బీమ్ మీద లీప్: పిల్లలకి దిగడం ముందు, ఎగరడం తర్వాత

ఈ ఎపిసోడ్‌లో జిమ్నాస్టిక్స్ గురించి, అందులోనూ ఒకే ఒక్క విషయం గురించి మాట్లాడుకుందాం. బ్యాలెన్స్ బీమ్ మీద లీప్. అంటే ఒక కాలితో తన్ని గాల్లోకి లేచి, కాళ్లు రెండూ ముందుకీ వెనక్కీ బాగా చాచి, ఇంకో కాలి మీద దిగడం.

శంషాబాద్, శాతంరాయి, ఎయిర్‌పోర్ట్ కాలనీల వైపు ఇప్పుడు పిల్లల్ని జిమ్నాస్టిక్స్‌లో వేస్తున్న ఇళ్లు పెరిగాయి. స్కూల్ హాల్లోనో, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనో సాయంత్రం క్లాసులు జరుగుతుంటాయి. అక్కడ నేర్పే కోచ్‌లూ, తీసుకెళ్లే అమ్మానాన్నలూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. "పాప నేల మీద స్ప్లిట్ లీప్ బ్రహ్మాండంగా వేస్తుంది. బీమ్ ఎక్కగానే కాళ్లు తెరుచుకోవు. ఎందుకు?"

చాలామంది చెప్పే జవాబు "భయం". అది సగం జవాబే. మిగతా సగం టెక్నిక్‌లో ఉంది. టెక్నిక్ సరిచేస్తే భయం కూడా కొంత తగ్గుతుంది. అది ఎలాగో చూద్దాం.

ముందు బీమ్ అంటే ఏంటో తెలుసుకుందాం

పోటీల్లో వాడే బీమ్ పొడవు 5 మీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్లు, నేల నుంచి ఎత్తు 125 సెంటీమీటర్లు. ఎనిమిదేళ్ల పాప ఎత్తు కూడా దాదాపు అంతే ఉంటుంది. అంటే ఆ పాప తన తల ఎత్తులో ఉన్న ఒక పట్టీ మీద ఎగురుతోందన్నమాట. పెద్దవాళ్లం మనం మన తల ఎత్తున్న గోడ మీద నిలబడి ఎగరమంటే ఎగురుతామా? ఈ మాట గుర్తుపెట్టుకుంటే పిల్లని "ఇంతదానికి భయమేంటి" అని అనబుద్ధి కాదు.

పోటీలో బీమ్ మీద గరిష్ఠంగా 90 సెకన్లు ఉంటాయి. ఆ 90 సెకన్లలో పల్టీలు, తిరగడాలు, లీపులు అన్నీ రావాలి. అంతర్జాతీయ సమాఖ్య, అంటే ఎఫ్ఐజీ నియమాల్లో డాన్స్ మూవ్‌మెంట్లు కనీసం రెండు కలిపి చేయాలని ఉంటుంది. వాటిలో ఒకటి 180 డిగ్రీల స్ప్లిట్ ఉన్న లీప్ గానీ జంప్ గానీ హాప్ గానీ అయి ఉండాలి, లేదంటే కాళ్లు పక్కలకి చాచే స్ట్రాడిల్ అయినా కావాలి. అందుకే బీమ్ నేర్చుకునే ఏ పిల్లకైనా లీప్ తప్పదు.

ఇక్కడ మార్కుల లెక్క ఒకటి చూడండి. మామూలు స్ప్లిట్ లీప్ విలువ 0.10. కాళ్లు 180 డిగ్రీలకి 20 డిగ్రీల లోపు తక్కువైతే 0.10 కోత. 20 దాటి 45 వరకు తక్కువైతే 0.30 కోత. 45 కంటే ఎక్కువ తగ్గితే ఆ లీప్‌ని ఆ లీప్‌గానే లెక్కపెట్టరు. అంటే 150 డిగ్రీలే తెరిచిన లీప్ వేస్తే వచ్చేది 0.10, పోయేది 0.30. వేయకపోతేనే నయం అనిపించే లెక్క ఇది. కింద పడితే ఒక పూర్తి మార్కు పోతుంది. మన దగ్గర స్కూల్ స్థాయి, చిన్న పిల్లల పోటీల్లో నియమాలు వేరుగా ఉండొచ్చు, అది నిర్వాహకుల్ని అడిగి తెలుసుకోవాలి. కానీ విషయం అర్థమైంది కదా? సగం సగం వచ్చిన లీప్‌ని తొందరపడి బీమ్ ఎక్కించడం వల్ల లాభం లేదు.

మన వాళ్ల సంగతి

హైదరాబాద్ అనగానే జిమ్నాస్టిక్స్‌లో ముందు వచ్చే పేరు బుద్ధా అరుణారెడ్డి. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో 13.649 స్కోరుతో కాంస్యం గెలిచారు. ప్రపంచకప్ జిమ్నాస్టిక్స్‌లో భారత్‌కి వ్యక్తిగత పతకం రావడం అదే మొదటిసారి. ఆవిడ చిన్నప్పుడు ముందు కరాటే నేర్చుకుని, ఆ తర్వాత జిమ్నాస్టిక్స్‌కి వచ్చారు. సాధన చేసింది మన లాల్ బహదూర్ స్టేడియంలో.

త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ 2016 రియో ఒలింపిక్స్‌లో వాల్ట్‌లోనే 15.066తో నాలుగో స్థానం తెచ్చుకున్నారు. ప్రణతి నాయక్‌కి 2019 ఆసియా చాంపియన్‌షిప్‌లో కాంస్యం వచ్చిందీ వాల్ట్‌లోనే. గమనించారా? మన అమ్మాయిలకి పెద్ద పేరు తెచ్చినవి ఎక్కువగా వాల్టే. బీమ్‌లో చెప్పుకోదగ్గది ఒకటుంది. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దీపా బీమ్ ఫైనల్‌కి చేరి ఐదో స్థానంలో నిలిచారు.

వాల్ట్‌కి పరుగు, బలం, ధైర్యం ఉంటే చాలా దూరం వెళ్లొచ్చు. బీమ్ అలా కాదు. చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి, ఓపిగ్గా, వరస తప్పకుండా నేర్పితేనే వస్తుంది. అందుకే ఎనిమిదేళ్లకీ తొమ్మిదేళ్లకీ నేర్పే కోచ్ చేతిలో చాలా ఉంటుంది. అక్కడ పడ్డ తప్పు అలవాటు పదిహేనేళ్లకి పోదు.

రన్‌వే లెక్క

శంషాబాద్ వాళ్లకి బాగా అర్థమయ్యేలా చెప్తాను. మన ఎయిర్‌పోర్ట్ పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. విమానానికి లేవడానికి అంత జాగా ఉంది. మన పాపకి ఉన్నది 5 మీటర్లు. అందులోనే అడుగులు వేయాలి, లేవాలి, దిగాలి, దిగాక ఆగాలి.

ఇంకో తేడా కూడా ఉంది. విమానం వేగంతో లేస్తుంది, రెక్కల కింద గాలి దాన్ని ఎత్తుతుంది. పాపని గాలి ఎత్తదు. చివరి అడుగులో కాలు నేలని ఎంత గట్టిగా కిందకి తన్నితే అంతే పైకి లేస్తుంది. చాలామంది పిల్లలు బీమ్ మీద ముందుకి ఉరకడం మీదే దృష్టి పెడతారు, కిందకి తన్నరు. దాంతో లీప్ పొడుగ్గా, పల్చగా పోతుంది. ఎత్తు ఉండదు.

ఎత్తు ఎందుకంత ముఖ్యం? ఎత్తంటే టైమ్. లెక్క వేసి చూడండి. శరీరం 20 సెంటీమీటర్లు పైకి లేస్తే గాల్లో ఉండేది సుమారు 0.4 సెకను. 30 సెంటీమీటర్లు లేస్తే దాదాపు 0.5 సెకను. ఆ పదో వంతు సెకనులోనే కాళ్లు పూర్తిగా తెరుచుకోవాలా వద్దా అన్నది తేలుతుంది. నేల మీద స్ప్లిట్ కూర్చోగలిగిన పాప కూడా గాల్లో టైమ్ చాలకపోతే 140 దగ్గరే ఆగిపోయి దిగేస్తుంది. అప్పుడు మనం "కాళ్లు చాచు, కాళ్లు చాచు" అని అరుస్తాం. అసలు లోపం కాళ్లు చాచడంలో లేదు, లేవడంలో ఉంది.

నేల మీద వచ్చింది బీమ్ మీద ఎందుకు రాదు? కారణాలు ఇవి. ఒకటి, పోటీ ఫ్లోర్ కింద స్ప్రింగులుంటాయి, అది తిరిగి తోస్తుంది. బీమ్ అంతగా తోయదు, పాప కాలే మొత్తం పని చేయాలి. రెండు, నేల మీద పాదాలు ఎటు పడినా పర్లేదు. బీమ్ మీద ఒకే గీత మీద ఒకదాని వెనక ఒకటి పడాలి. మూడు, కిందపడతానేమో అని చివరి అడుగులో మోకాలు వంచదు. మోకాలు వంగకపోతే తన్నడానికి బలం ఎక్కడిది? నాలుగు, కళ్లు పాదాల మీదకి పోతాయి. కళ్లు కిందకి చూస్తే తల వంగుతుంది, తల వంగితే ఛాతీ వంగుతుంది, ఛాతీ వంగితే వెనక కాలు పైకి లేవదు. ఒక్క చూపు తప్పితే లీప్ మొత్తం పోతుంది.

లీప్‌ని నాలుగు ముక్కలుగా చూడండి

మొదటిది అడుగులు. రెండు మూడు అడుగులు చాలు. బీమ్ చివర నుంచి ఎన్ని అడుగులకి తన్నాలి, ఎక్కడ దిగాలి అన్నది ముందే లెక్క ఉండాలి. నేల మీద చాక్‌పీసుతో 5 మీటర్ల గీత గీసి, తన్నే చోటా దిగే చోటా గుర్తు పెట్టండి. పాప అడుగులు ఆ గుర్తుకి అలవాటు పడాలి. ఆ లయ నోటితో కూడా చెప్పిస్తే మంచిది. "ఒకటి, రెండు, తన్ను, నిలబడు" అని. మన వాళ్లకి తాళం కొత్త కాదు, చప్పట్లు కొట్టి చెప్పినా పట్టేస్తారు.

రెండోది తన్నడం. చివరి అడుగులో మడమ ఆని, మోకాలు కొంచెం వంగి, తర్వాత తుంటి, మోకాలు, చీలమండ, వేళ్లు వరసగా సాగి పైకి తన్నాలి. అదే సమయంలో చేతులు కింద నుంచి పైకి ఊగాలి. చేతులు ఊరికే పక్కన వేలాడితే ఎత్తు తగ్గుతుంది. ముందు కాలు తిన్నగా, వేగంగా లేవాలి. మోకాలు వంచి తర్వాత చాస్తే అది ఇంకో రకం లీప్ అవుతుంది, స్ప్లిట్ లీప్ కాదు.

మూడోది గాల్లో ఆకారం. తుంటి తిన్నగా ముందుకే ఉండాలి. పిల్లలకి ఇలా చెప్పండి. నడుము ముందు రెండు పక్కలా రెండు ఎముకలు చేతికి తగులుతాయి కదా, అవి కారు హెడ్‌లైట్లు. రెండు లైట్లూ బీమ్ చివరికే కొట్టాలి. ఒక లైటు పక్కకి తిరిగిందంటే తుంటి తెరుచుకుపోయినట్టు. అలా తిరిగితే కాళ్లు ఎక్కువ తెరుచుకున్నట్టు కనిపిస్తుంది, కానీ దిగేటప్పుడు పాదం వంకరగా పడి బీమ్ పక్కకి జారుతుంది.

నాలుగోది దిగడం. వేళ్లు, పాదం ముందు భాగం, మడమ, ఈ వరసలో ఆనాలి. మోకాలు కొంచెం మెత్తగా వంగాలి. తుంటి పాదం మీదకి రావాలి, వెనకపడకూడదు. ఒంటికాలి మీద దిగుతున్నాం కాబట్టి శరీరం బరువుకి ఎన్నో రెట్ల ఒత్తిడి ఆ ఒక్క కాలి మీదే పడుతుంది. మోకాలు బిగించి దిగే అలవాటు పడితే మోకాలికీ మడమకీ ఇద్దరికీ దెబ్బే.

ఇప్పుడు నేర్పే వరస

మామూలుగా మనం ఎగరడం నేర్పి, దిగడం దానంతట అదే వస్తుందని వదిలేస్తాం. తిరగేయండి. దిగడం ముందు నేర్పండి. ఎలా దిగాలో ఒంటికి తెలిసిన పిల్ల ధైర్యంగా లేస్తుంది. దిగడం రాని పిల్ల గాల్లో ఉండగానే దిగడం గురించి ఆలోచిస్తుంది, అందుకే కాళ్లు ముందే మూసేస్తుంది.

మొదటి మెట్టు. మోకాలి ఎత్తు కూడా లేని చిన్న పెట్టె మీద నుంచి, మ్యాట్ మీద గీసిన గీత మీదకి ఒంటికాలితో దిగి మూడు లెక్కపెట్టేదాకా నిలబడాలి. రెండు కాళ్లతోనూ మార్చి మార్చి చేయించండి. తొక్కుడుబిళ్ల ఆడిన పిల్లలకి ఇది సులువు. ఆ ఆటలో చేసేదీ ఇదే కదా, ఒంటికాలి మీద గడిలో దిగి, గీత తొక్కకుండా ఆగడం.

రెండో మెట్టు. గోడనో బారునో పట్టుకుని కాలు ఊపడం. ముందుకి పది, వెనక్కి పది. వెనక కాలు ఊపేటప్పుడు ఛాతీ వంగకూడదు, హెడ్‌లైట్లు తిరగకూడదు. పైన మూడు సెకన్లు పట్టి ఉంచడం కూడా చేయించండి. చేత్తో లాగితే వచ్చే సాగుడు వేరు, సొంత కండరంతో ఎత్తి నిలబెట్టే సాగుడు వేరు. లీప్‌కి కావాల్సింది రెండోది. గాల్లో కాలు పట్టుకుని లాగేవాళ్లు ఎవరూ ఉండరు.

మూడో మెట్టు. నేల మ్యాట్ మీద లీప్. మధ్యలో మెత్తటి ఫోమ్ ముక్క ఒకటి పెట్టి దాని మీదుగా ఎగరమనండి. ఎత్తు దానంతట అదే వస్తుంది. ఇది నేల మీద మాత్రమే. బీమ్ మీద ఏ వస్తువూ పెట్టకూడదు.

నాలుగో మెట్టు. అదే లీప్, 10 సెంటీమీటర్ల వెడల్పు టేప్ మీద. పాదాలు టేప్ దాటకూడదు.

ఐదో మెట్టు. నేల మీద ఆనించిన బీమ్, ఆ తర్వాత అడుగు ఎత్తు బీమ్.

ఆరో మెట్టు. పెద్ద బీమ్, రెండు పక్కలా మ్యాట్లు దాదాపు బీమ్ ఎత్తుదాకా పేర్చి. తర్వాత ఒక్కో వారం ఒక్కో మ్యాట్ తగ్గిస్తూ పోవడం. పాప దృష్టిలో ఎత్తు కొంచెం కొంచెంగా పెరుగుతుంది.

ఒక మెట్టు మీద పదిసార్లకి ఎనిమిదిసార్లు బాగా వస్తేనే పై మెట్టు. రాకపోతే కింద మెట్టుకి రావడం తప్పు కాదు, శిక్ష అంతకన్నా కాదు. ఆ మాట పిల్లకి ముందే చెప్పి ఉంచండి. రోజుకి యాభై లీపులు వేయించొద్దు. అలిసిన కాలు తప్పుగా దిగుతుంది, ఆ తప్పే అలవాటవుతుంది. శ్రద్ధగా వేసిన పది పన్నెండు చాలు.

ఇంకోటి, బీమ్ మీద నుంచి ఎలా పడాలో కూడా నేర్పాలి. బ్యాలెన్స్ పోయిందనిపిస్తే బీమ్‌ని పట్టుకోవడానికి చేతులు చాచకుండా, పక్కకి మ్యాట్ మీదకి రెండు కాళ్లతో దూకి మోకాళ్లు వంచాలి. అడుగు ఎత్తు బీమ్ మీదే ఇది సాధన చేయించండి. పడటం తెలిసిన పిల్లకి పడతానన్న భయం తగ్గుతుంది.

ఏం చెప్తున్నాం, ఎలా చెప్తున్నాం

కోచ్‌లకి ఒక మాట. ఒకేసారి ఐదు తప్పులు చెప్పొద్దు. "మోకాలు చూసుకో, చేతులు చూసుకో, తల ఎత్తు, వేళ్లు చాచు" అంటే పాప ఏదీ చేయలేదు. ఒక్క లీప్‌కి ఒక్క మాట.

ఆ మాట కూడా ఎలా ఉండాలంటే, ఒంట్లో భాగం మీద కాకుండా బయట ఉన్న దాని మీద దృష్టి వెళ్లేలా ఉండాలి. గాబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవాళ్లు 1998లో స్కీయింగ్ యంత్రం మీద చేసిన ప్రయోగాల్లో ఇది గమనించారు. తమ పాదాల మీద దృష్టి పెట్టినవాళ్ల కంటే పాదాల కింద ఉన్న యంత్రం చక్రాల మీద దృష్టి పెట్టినవాళ్లు బాగా నేర్చుకున్నారు. తర్వాత ఇదే విషయం మీద ఎన్నో ఆటల్లో పరిశోధన జరిగింది. మనకి దీని అర్థం ఏంటి? "మోకాలు గట్టిగా చాచు" అనే బదులు "బీమ్‌ని కిందకి తోసెయ్" అనండి. "తల ఎత్తు" అనే బదులు "బీమ్ చివర అంటించిన స్టిక్కర్ చూడు" అనండి. నేల గీత మీద చేసేటప్పుడు ఎదురుగా నిలబడి వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనండి. వేళ్లు లెక్కపెట్టాలంటే కళ్లు పైకి ఉండాల్సిందే.

ఫోన్ కూడా మంచి సాధనం. పక్క నుంచి, పాప నడుము ఎత్తులో, మూడు నాలుగు మీటర్ల దూరంలో ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో తీయండి. లీప్ పైకి చేరిన చోట ఆపి చూడండి. ముందు కాలు ఎంత లేచింది, వెనక కాలు ఎంత లేచింది? చాలాసార్లు ముందు కాలు బాగానే ఉంటుంది, వెనక కాలు వేలాడుతుంటుంది. అప్పుడు పని చేయాల్సింది వెనక కాలి మీద. తుంటి ముందు కండరం బిగుసుకుని ఉందా, పిరుదు కండరం బలహీనంగా ఉందా చూడాలి. వేరే పిల్లలు వీడియోలో పడితే వాళ్ల అమ్మానాన్నల్ని అడగకుండా ఎక్కడా పెట్టొద్దు.

కూచిపూడి నేర్చుకున్న పిల్లలు జిమ్నాస్టిక్స్‌కి వస్తుంటారు. మంచిదే. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే కళ అది, బ్యాలెన్స్ అంటే ఏంటో వాళ్లకి తెలుసు. అరమండి వల్ల తొడల్లో బలం, వీపు తిన్నగా నిలబెట్టే అలవాటు ఉంటాయి. ఒక్కటి గమనించండి, అరమండిలో పాదాలు పక్కలకి తిరిగి ఉంటాయి. బీమ్ లీప్‌లో తుంటి తిన్నగా ఉండాలి. ఆ తేడా విడమర్చి చెప్తే చాలు, రెండూ కలిసి నడుస్తాయి.

భయం గురించి, నొప్పి గురించి

సిమోన్ బైల్స్ పేరు వినే ఉంటారు. టోక్యో ఒలింపిక్స్‌లో గాల్లో తన శరీరం ఎటు ఉందో తనకే తెలియని పరిస్థితి వచ్చి, చాలా పోటీల నుంచి తప్పుకుంది. తర్వాత బీమ్ ఫైనల్‌కి వచ్చి, దిగే విన్యాసంలో మెలికలు తీసేసి సులువు చేసుకుని, కాంస్యం గెలిచింది. 2024 పారిస్‌లో బీమ్ ఫైనల్లో ఆమే కింద పడింది. బంగారం ఇటలీ అమ్మాయి అలీస్ డమాటోకి వెళ్లింది. అంత గొప్ప క్రీడాకారిణికే అవసరమైతే ఒక మెట్టు దిగడం తప్పలేదు. మన ఎనిమిదేళ్ల పాప "ఈ రోజు పెద్ద బీమ్ వద్దు" అంటే అది మొండితనం కాదు. ఆ మాట వినండి, అడుగు ఎత్తు బీమ్ మీద చేయించండి, రేపు చూద్దాం అనండి. "పక్క పిల్ల చేయట్లేదా" అనే మాట మాత్రం వద్దు. భయంతో చివరి క్షణంలో ఆగిపోయిన లీపే అన్నిటికంటే ప్రమాదం.

ఇక నొప్పి. స్ప్లిట్ త్వరగా రావాలని పిల్లల వీపు మీద కూర్చోవడం, భుజాలు పట్టి నొక్కడం, ఏడుస్తున్నా పట్టి ఉంచడం కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఇది ఆపాలి. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఎముక పెరిగే మెత్తటి భాగం ఉంటుంది. దానికి అంటుకున్న కండరాన్ని బలవంతంగా లాగితే అక్కడ దెబ్బ తగలొచ్చు. వారంలో రావాల్సింది ఆరు నెలలకి వస్తే నష్టం లేదు. తొడ వెనక కండరం ఒకసారి చిట్లితే నెలలు పోతాయి.

ఎనిమిది నుంచి పధ్నాలుగేళ్ల మధ్య, దూకే ఆటలు ఆడే పిల్లలకి మడమ వెనక నొప్పి రావడం మామూలే. మునివేళ్ల మీద నడుస్తోందా, పొద్దున లేవగానే కుంటుతోందా గమనించండి. నొప్పి ఉందంటే లీపులు ఆపి డాక్టర్‌కి చూపించండి. "ఓర్చుకో, అలవాటవుతుంది" అనే సలహా ఎవరిచ్చినా వినొద్దు.

ఇంట్లో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

మన ఫ్లాట్లలో టైల్స్, మార్బుల్. వాటి మీద లీపులు అసలు వద్దు. ఇంట్లో చేయాల్సినవి ఒంటికాలి మీద నిలబడటం, గోడ పట్టుకుని కాలు ఊపడం, వేళ్ల మీద పైకి లేచి నెమ్మదిగా దిగడం. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడమన్నా అది సాధనే.

పూర్తి సామాను ఉండే లాల్ బహదూర్ స్టేడియం శంషాబాద్ నుంచి పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. షిఫ్టు డ్యూటీలు చేసే ఇళ్లలో రోజూ అంత దూరం తిప్పడం కష్టం. అందుకే దగ్గర్లో ఉన్న చిన్న సెంటర్లే దిక్కు. అవి చిన్నవైనా పర్లేదు, పైన చెప్పిన ఆరు మెట్లలో ఐదు మెట్లకి పెద్ద బీమ్ అవసరం లేదు. టేప్ చాలు, మంచి మ్యాట్లు చాలు, కార్పెంటర్‌తో చేయించిన కింది బీమ్ చాలు. 10 సెంటీమీటర్ల వెడల్పు, అంచులు గుండ్రంగా నున్నగా తీసి, పైన జారని గుడ్డ గట్టిగా అంటించి, ఊగకుండా వెడల్పు కాళ్లు పెట్టించాలి. మేకు తల ఒక్కటి కూడా పైకి ఉండకూడదు.

సెంటర్‌లో చేర్పించే ముందు అమ్మానాన్నలు అడగాల్సినవి ఇవి. కింది బీమ్ ఉందా? పెద్ద బీమ్ రెండు పక్కలా, రెండు చివర్లా మ్యాట్లున్నాయా? పడటం, దిగడం నేర్పుతారా? స్ప్లిట్ ఎలా చేయిస్తారు? పిల్ల వద్దంటే ఏం చేస్తారు? క్లాస్ జరుగుతుంటే మేం కూర్చుని చూడొచ్చా? ఈ చివరి ప్రశ్నకి "కుదరదు" అన్న చోట కారణం అడగండి. కారణం సరిగా లేకపోతే ఇంకో చోటు చూసుకోండి.

మొత్తం మీద మాట ఒకటే. పాప బీమ్ మీద కాళ్లు తెరవట్లేదంటే కాళ్లని లాగకండి. ఎలా లేస్తోంది, ఎటు చూస్తోంది, ఎలా దిగుతోంది అని చూడండి. ఆ మూడూ సరిచేస్తే కాళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. దానికి రెండు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. పొలం గట్టు మీద పరిగెత్తే పిల్లకి ఎవరూ బ్యాలెన్స్ నేర్పలేదు. రోజూ నడిచింది, ఒకరోజు పరిగెత్తింది, అంతే.

వచ్చే ఎపిసోడ్‌లో స్విచ్ లీప్ చూద్దాం. ముందు కాలు ఊపి, గాల్లోనే కాళ్లు మార్చే లీప్ అది, బీమ్ మీద దాని విలువ 0.30. మామూలు లీప్ బాగా వచ్చిన పిల్లలకే అది. ఈలోపు మీ పాప లీప్‌లో ఏ ముక్క దగ్గర ఇబ్బంది ఉందో చూసి కింద రాయండి. అడుగులా, తన్నడమా, ఆకారమా, దిగడమా అన్నది చెప్తే జవాబివ్వడం సులువవుతుంది.